500లో 112వది: ఒక ఫిగర్ల కలెక్షన్ అమ్మిపెట్టిన లెక్క

నేను వెళ్ళేసరికి కలెక్షన్ అమ్ముదామనుకున్న కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. హాల్లో నాలుగు గాజు అల్మారాల నిండా ఫిగర్లున్నాయి, అంటే సినిమా, కామిక్, కార్టూన్ పాత్రల ఖరీదైన బొమ్మలు. వాటి వంక చూడనివ్వకుండా ముందు ఎక్సెల్ షీటు చూపించాడు. 34 వరసలు. కొన్న తేదీ, ధర, షిప్పింగ్, కస్టమ్స్, ఎడిషన్ నంబరు, చివర్న ఆకుపచ్చ రంగు వేసిన కాలమ్ ఒకటి: ‘నేటి విలువ’. పెట్టిన ఖర్చు మొత్తం 13,80,000 రూపాయలు. ఆకుపచ్చ కాలమ్ మొత్తం 21,50,000.

“అన్నా, ఇందులో లిమిటెడ్ ఎడిషన్లే తొమ్మిది ఉన్నాయి. అటూ ఇటూ అయినా ఇరవైకి తగ్గదు కదా?”

ఫ్లాటుకి అడ్వాన్స్ కట్టాలి, అందుకే అమ్మకం. ఇది 2024 జూలై మాట. నేను తొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పగలు ఉద్యోగం, సాయంత్రాలూ శనాదివారాలూ ఇది: వేరేవాళ్ళ కలెక్షన్లు శుభ్రం చేయడం, లెక్కగట్టడం, కొనేవాళ్ళను వెతికి అమ్మిపెట్టడం. నాకూ సొంత కలెక్షన్ ఉంది కాబట్టి ఆ ఆకుపచ్చ కాలమ్ కొత్తేం కాదు. ఒకప్పుడు నా దగ్గరా ఉండేది. ఆ రోజు కాగితం మీద నేను రాసిచ్చిన అంచనా ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర లక్షలు. అతని ముఖం చూస్తే నేనేదో బేరానికి వచ్చిన పాతసామాన్లవాణ్ని అనుకున్నట్టే ఉంది.

ఐదు నెలలు పట్టింది. 27 అమ్మాం, 7,64,000 వచ్చింది. ఏడు అట్టిపెట్టుకున్నాడు. 27కే అంత వచ్చిందంటే, మొత్తానికి నేను కట్టిన అంచనా కూడా కాస్త తక్కువే పడింది. ఎక్కడ తప్పానో తర్వాత చెబుతాను.

ముందు ఆ అల్మారాల్లో ఏముందో చెప్పాలి. 22 సిక్స్త్ స్కేల్ ఫిగర్లు. మనిషిలో ఆరో వంతు, సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, కీళ్ళు కదులుతాయి, బట్టలు నిజంగా కుట్టినవి. ఈ రకానికి హాట్ టాయ్స్ అనేదే పేరైపోయింది. జిరాక్స్ అన్నట్టు, ఏ కంపెనీదైనా ‘హాట్ టాయ్స్ ఉందా భయ్యా’ అనే అడుగుతారు. 2000లో హాంకాంగ్‌లో మొదలైన ఆ కంపెనీ ఫిగర్ల మీద మామూలుగా ఎడిషన్ నంబరు ఉండదు. ఇంకో 8 క్వార్టర్ స్కేల్ స్టాచ్యూలు, అంటే మనిషిలో నాలుగో వంతు. ఇవి రెజిన్‌లో రాతిపొడి కలిపి పోసే పాలీస్టోన్‌వి, కదలవు, బరువెక్కువ. కాలిఫోర్నియాలో సైడ్‌షో, టోక్యోలో ప్రైమ్ 1 స్టూడియో, సింగపూర్‌లో ఎక్స్ఎమ్ స్టూడియోస్, వీళ్ళంతా ఈ స్టాచ్యూల వైపు పేరున్నవాళ్ళు. ఇక్కడ బేస్ కింద నంబరు ఉంటుంది: ఇన్నిట్లో ఇన్నోది అని. ఒకటి మనిషిలో మూడో వంతు ఉండే భారీ స్టాచ్యూ. మిగిలిన మూడూ అనిమే, అంటే జపాన్ కార్టూన్ పాత్రల పీవీసీ బొమ్మలు.

వాళ్ళమ్మగారు కాఫీ ఇస్తూ, “మేము సంక్రాంతికే కొలువు పెట్టేవాళ్ళం బాబూ, వీడికి ఏడాది పొడుగునా కొలువే” అన్నారు. ఆవిడ కొండపల్లి బొమ్మలు పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో ఉన్నాయట. ఇప్పుడు వాటి రేటెంత అని ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు.

మొదటి దెబ్బ సీల్ పెట్టె మీద పడింది. 2015లో 16,500కు కొన్న ఫిగరు, బైకర్ జాకెట్ వేసుకున్న పాత్ర. షీటులో నేటి విలువ 48,000. బయటి బ్రౌన్ కార్టన్ మీద టేపు కూడా కోయలేదు.

“తెరవొద్దన్నా. సీల్ పోతే రేటు పోతుంది.”

“48 వేలు పెట్టేవాడు వీడియో కాల్‌లో చూపించమంటాడు తమ్ముడూ. వాడి ముందు తెరిచి నోరు వెళ్ళబెట్టే కంటే ఇప్పుడే చూద్దాం.”

కాసేపు గుంజాటన పడి సరేనన్నాడు. బ్లేడుతో టేపు కోశాను. కార్టన్, దానిలో బొమ్మ వేసిన పెట్టె, దానిలో పల్చటి ఫోమ్ కింద ప్లాస్టిక్ ట్రే. ట్రే మూత తీయగానే పుల్లటి వాసన. జాకెట్ భుజం మీద వేలు ఆనించాను. మాడిన అప్పడం పొరలా నల్లగా ఊడి వేలికి అంటుకుంది, కింద తెల్లగుడ్డ బయటపడింది. కాలరు మడత, మోచేతులు, జిప్పు పక్కన, అంతా అదే తీరు. ట్రే అడుగున నల్ల రవ్వ పోసినట్టుంది. అతను ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఫ్యాను స్పీడు తగ్గించి వచ్చాడు, ఆ రవ్వ ఎగిరిపోతుందేమోనని.

ఇందులో అతను చేసిన తప్పేం లేదు. ఈ ఫిగర్లకు వాడే రెక్సిన్ అంటే మామూలుగా గుడ్డ మీద పాలీయురేథేన్ పూత. గాలిలోని తేమ ఆ పూతను లోపల్నుంచి మెల్లగా విడగొడుతుంది. ఆఫీసు కుర్చీల చేతులు, సోఫాలు, బీరువాలో దాచిన హ్యాండ్‌బ్యాగులు ఊడిపోయేదీ ఇందుకే. పెట్టెకు టేపు వేసినంత మాత్రాన తేమ ఆగదు. లోపల చేరింది బయటకు పోయే దారి కూడా ఉండదు. విశాఖ, కాకినాడ వైపు నుంచి నా దగ్గరకొచ్చిన కలెక్షన్లలో ఇది ఇంకా ముందే మొదలైంది. బట్ట, ఉన్ని, గట్టి ప్లాస్టిక్ అయితే పదేళ్ళైనా ఏం కాదు. అందుకే సిక్స్త్ స్కేల్‌లో నేను మొదట చూసేది ముఖం కాదు, వేసుకున్న బట్ట ఏమిటని.

ఆ జాకెట్ ఫిగర్ని విడగొట్టి అమ్మాం. మా భాషలో పార్ట్-అవుట్ అంటారు. తల ఒక్కటే 7,000 పలికింది. చేతుల సెట్టు, బూట్లు, తుపాకులు, స్టాండు వేరువేరుగా పోయి మొత్తం 13,500. ఆ సాయంత్రమే రెక్సిన్ ఉన్నవన్నీ బయటకు తీశాం. తొమ్మిదిట్లో ఐదింటికి అప్పటికే ఊడటం మొదలైంది. లైట్లు వెలిగే ఒక కవచం ఫిగర్లో బటన్ సెల్స్ 2016 నుంచి అలాగే ఉండిపోయి, కారి, పచ్చగా గడ్డకట్టాయి. వెనిగర్లో ముంచిన ఇయర్‌బడ్‌తో గంటసేపు రుద్దితే ఛాతీ లైటు వెలిగింది. కళ్ళల్లో ఒకటే వెలిగింది.

ఇక ఆ ఆకుపచ్చ అంకెలు ఎక్కడివి? ఈబే అనే విదేశీ అమ్మకాల సైటులో అడుగుతున్న ధరలు తెచ్చి రూపాయల్లోకి మార్చుకున్నాడు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అతను చూసుకున్న ఒక పేజీలో అదే ఫొటో, అదే ధర ఏడాదిగా అలాగే ఉంది, అంటే ఆ రేటుకు కొనేవాడు ఏడాదిగా దొరకలేదన్న మాట. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టరు వేసి పక్కన కూర్చోబెట్టి చూపించాను. 34 వరసల్లో 29 వరసల అంకె తగ్గింది. ఆ తర్వాత కూడా అది అమెరికాలోనో జర్మనీలోనో ఉన్నవాడు అక్కడివాడికి అమ్మిన ధర. మన వస్తువు కూకట్‌పల్లిలో ఉంది.

కూకట్‌పల్లిలో ఉండటం వల్ల నష్టమే కాదు, ఒక లాభమూ ఉంది. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. మన ఫిగర్ల పెట్టెల మీద ‘15 ఏళ్ళు పైబడినవారికి’ అని ఉన్నా, కౌంటర్లో నిలబడి అది వివరించే టెన్షన్ తెప్పించేవాడిదే. కాబట్టి 2020కి ముందే దేశంలోకి వచ్చిన ఫిగర్లకు ఇక్కడ దానంతటదే గిరాకీ పెరిగింది. ఇతని సిక్స్త్ స్కేల్ ఫిగర్లలో పదమూడు అప్పటికి ముందు కొన్నవి. వాటిని లిమిటెడ్ చేసింది హాంకాంగ్ కంపెనీ కాదు, మన కస్టమ్స్! పైగా 2014లో 61 రూపాయల దగ్గరున్న డాలరు 2022 చివరికి 82 దాటింది. పాత ఫిగర్ ‘పెరిగింది’ అని మనం మురిసిపోయే దాంట్లో కొంత నిజానికి రూపాయి తరిగినది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను, లిమిటెడ్ అన్న మాటకు.

అతన్ని అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది బ్యాట్‌మ్యాన్ సినిమా విలన్ జోకర్ ఫిగరు. 2014లో 17,000కు కొన్నాడు. 2019లో ఒకాయన 70,000 ఇస్తానంటే నవ్వి పంపించాడట. మేము అమ్మింది 29,000కి. నంబరు లేదు, మళ్ళీ వేయలేదు, అంటే ఒక రకంగా అరుదే. మరి ఎందుకు పడింది? మధ్యలో క్వీన్ స్టూడియోస్ అనే ఇంకో కంపెనీవాళ్ళు ఇన్‌ఆర్ట్ పేరుతో అదే జోకర్‌ని నిజంగా జుట్టు నాటిన తలతో తీసుకొచ్చారు. ముఖం చెక్కే పని, రంగు వేసే పని ఏడాదికేడాది మెరుగవుతున్నాయి. పదేళ్ళ కింద నోరు తెరిచి చూసిన ముఖం కొత్తదాని పక్కన పెడితే మైనపు బొమ్మలా కనిపిస్తుంది. లిమిటెడ్ అన్నప్పుడు కంపెనీ మాటిచ్చేది ఆ అచ్చు గురించే. పాత్ర గురించి ఎవరూ మాటివ్వలేదు. అదే పాత్రను ఇదే కంపెనీ వేరే భంగిమలో రేపు మళ్ళీ పోయొచ్చు, పక్క కంపెనీ ఇంకా బాగా పోయొచ్చు. బాగా ప్రేమించే పాత్ర అయితే ఖాయంగా పోస్తారు.

17,000 పెట్టి 29,000కు అమ్మడం నష్టమా? నా పుస్తకంలో లాభం. అతని షీటులో 41,000 నష్టం. ఈ రెండు లెక్కల మధ్య మాకు రెండు వారాలు గడిచాయి.

దీనికి పూర్తిగా ఉల్టా జరిగిందొకటి. ఒక సినిమాలో హీరో పక్కన నిలబడే సహాయ పాత్ర, పేరు చెబితే సగం మందికి గుర్తుకూడా రాదు. ఎవరూ కొనక దుకాణంవాడు తగ్గించి అమ్ముతుంటే 11,000కు తీసుకున్నాడు. మేము 34,000కు అమ్మాం, అదీ పోస్టు పెట్టిన నలభై నిమిషాల్లో. ప్రీ-ఆర్డర్లను బట్టే తయారీ ఉంటుంది కాబట్టి అప్పుడు తక్కువే చేసి ఉంటారు. ఆ పాత్రను మళ్ళీ చేయాలని ఏ కంపెనీకీ బుద్ధి పుట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ టీమ్ మొత్తాన్ని వరసగా నిలబెట్టాలనుకునేవాడికి అతనొక్కడే తక్కువ. పెట్టె మీద లిమిటెడ్ అన్న ముక్క లేదు, నంబరు లేదు. నా షీటులో కూడా దీనికి 15,000 అనే రాసుకున్నాను. నేను తప్పిన చోట్లలో ఇదొకటి.

ఎక్స్‌క్లూజివ్ అనేవి నాలుగున్నాయి. ఫలానా దుకాణంలోనో ఫలానా టాయ్ ఫెయిర్‌లోనో మాత్రమే అమ్మినవి, అదనంగా ఒక చెయ్యో ఇంకో తలో ఇస్తారు. ఆ అదనపు ముక్క చూడ్డానికి బాగుంటేనే రేటు. రెండిట్లో అది పాత్ర నవ్వుతున్న తల. దానికి వెయ్యి, రెండు వేలు ఎక్కువొచ్చింది. మిగతా రెండిట్లో ఒక స్టాండు మీద లోగో, అంతే. దానికేమీ రాలేదు.

ఇక ఆ భారీ స్టాచ్యూ సంగతి. 2,40,000 పెట్టి తెప్పించుకున్నది. బేస్ కింద 112/500. షీటులో ఆ నంబరు ఎర్ర అక్షరాల్లో ఉంది. మూడు కార్టన్లు, పెట్టెలతో కలిపి 38 కిలోలు, పెద్ద కార్టన్ లిఫ్టులో అడ్డంగా పట్టదు, నిలువుగా పెట్టొద్దని దాని మీదే బాణం గుర్తులున్నాయి. హైదరాబాద్ బయటివాళ్ళు ఫోన్ చేసి బరువు వినగానే మళ్ళీ చేస్తామన్నారు. ఎవరూ చేయలేదు. రెండున్నర నెలలకు దొరికిన మనిషి గేమింగ్ కేఫ్ పెట్టుకుంటున్నాయన. వచ్చి చుట్టూ తిరిగి చూసి అడిగినవి మూడే ప్రశ్నలు: ఎత్తెంత, లైటు వెలుగుతుందా, పిల్లలు ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందా. నా క్లయింటు ఉండబట్టలేక, “సార్, ఇది ప్రపంచంలో ఐదు వందలే, ఇది నూటపన్నెండోది” అన్నాడు. ఆయన మర్యాదగా తలూపి, “డోర్ డెలివరీ మీదేనా?” అన్నాడు. 1,25,000కు ఖాయమైంది. నలుగురు మనుషులు మెట్ల మీదుగా దింపారు.

నంబర్ల పిచ్చి మనకు లేదని కాదు. ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 కోసం లక్షలు పాడుతున్నారు. స్టాచ్యూల్లో 001 అయితే కాస్త ఎక్కువిచ్చేవాళ్ళున్నారు. ఒకాయన మాత్రం అన్ని బేస్‌ల ఫొటోలూ పంపమని, అంకెలు కూడితే తొమ్మిది వచ్చేది ఏదైనా ఉందా అని చూసి, లేదని తెలిసి శుభాకాంక్షలు చెప్పి పెట్టేశాడు. మిగతా ఎవరికీ 112కీ 412కీ తేడా లేదు.

అయినా నంబరుకు నేనొక ఉపయోగం చూశాను, అది కలెక్టర్లు అనుకునేది కాదు. పాలీస్టోన్ స్టాచ్యూల్లో రీకాస్టుల బెడద ఉంది. అసలుదాని మీద అచ్చు తీసి దొంగగా పోసినవి, ఫొటోలో తేడా పట్టడం కష్టం. మేము అమ్మిన ఐదు క్వార్టర్ స్కేల్ స్టాచ్యూల్లో ఒక్కటి మాత్రం కొన్నదానికంటే ఎక్కువకు పోయింది: 58,000 పెట్టింది 66,000కు. చెన్నై మనిషి కొన్నాడు. అడ్వాన్స్ వేసేముందు అతను అడిగినవి బేస్ కింద నంబరు, పెట్టె మీద అదే నంబరు ఉన్న స్టిక్కరు, కొన్న బిల్లు, మూడూ ఒకే ఫొటోలో. రెండు నంబర్లూ కలిశాయి కాబట్టి బేరం అరగంటలో తెగింది. చేసిన కంపెనీకి ఆ పాత్ర లైసెన్సు పోయింది, మళ్ళీ పోయడానికి లేదు, ఇంకెవరూ ఆ పాత్ర జోలికి పోలేదు. ధర ఎక్కువ రావడానికి కారణం అది. నంబరు చేసిన పని ఆధార్ కార్డు చేసే పని: వీడు వీడే అని చెప్పడం.

అమ్మిన 27 పీసుల లెక్క చూడండి. 19 సిక్స్త్ స్కేల్ ఫిగర్లకు 4,90,000 పెట్టాడు, 4,12,000 వచ్చింది. 5 క్వార్టర్ స్కేల్ స్టాచ్యూలకు 3,60,000 పెడితే 2,05,000 వచ్చింది. భారీ స్టాచ్యూకు 2,40,000 పెడితే 1,25,000. రెండు అనిమే బొమ్మలు 30,000కు 22,000. అందులో ఒకటి జపాన్‌లో స్టాకు అయిపోయిందని రెట్టింపు పెట్టి కొన్నాడు. కంపెనీ మళ్ళీ వేస్తున్నట్టు ప్రకటించగానే పాత రేటు కూలిపోయింది. అనిమే బొమ్మల్లో ఇది మామూలే.

మొత్తం మీద 11,20,000 పెడితే 7,64,000, అంటే రూపాయికి 68 పైసలు. నంబరున్న ఆరు పీసులను విడిగా తీస్తే రూపాయికి 55 పైసలు. నంబరు లేని ఇరవై ఒకటికి 83 పైసలు. ఈ రెండు అంకెలూ చూసి అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అంటే నంబరుంటే తగ్గుతుందా అన్నా?” అన్నాడు.

తగ్గదు. నంబరు వేసేవి మామూలుగా పెద్దవి, బరువైనవి, ఖరీదైనవి. 25 వేల ఫిగరు జీతం పడిన రోజు ఎవడో ఒకడు కొంటాడు, పుస్తకాల షెల్ఫులో పట్టిస్తాడు, భార్యకు పదిహేను వేలని చెప్పుకుంటాడు. రెండున్నర లక్షల స్టాచ్యూకు డబ్బు ఒకటే చాలదు, ఇంట్లో చోటుండాలి, సొంతిల్లయి ఉండాలి, ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో నాకు పేరుపేరునా తెలుసు. వాళ్ళలో ఆ పాత్ర ఇష్టమున్నవాడు ఆ నెలలో కొనే ఊపులో ఉండాలి. ప్రపంచంలో 500 ఉన్నాయా 5,000 ఉన్నాయా అన్నది ఆ తర్వాతి సంగతి. వస్తువు ఎన్ని ఉన్నాయో బేస్ కింద రాస్తారు గానీ, కొనేవాళ్ళు ఎందరున్నారో రాయరు కదా.

అదీగాక లిమిటెడ్ అని ముందే చెప్పి అమ్మితే కొన్నవాళ్ళంతా జాగ్రత్తగా దాస్తారు. 1992లో అమెరికాలో సూపర్‌మ్యాన్ చనిపోయే కామిక్‌ని నల్ల సంచిలో సీల్ చేసి అమ్మారు, లక్షల కాపీలు పోయాయి. జనం సంచి విప్పకుండా దాచారు. అందరూ దాచారు కాబట్టి ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతుంది. పాత కామిక్స్‌కి లక్షలు పలికేది పిల్లలు చదివి చింపి పారేయగా మిగిలినందుకు. మన ఫిగర్ల పరిస్థితి నల్ల సంచికే దగ్గర. బయటి బ్రౌన్ కార్టన్ కూడా పారేయని జాతి మాది.

ఆ బ్రౌన్ కార్టన్ దగ్గరే ఇంకో చేదు. మూడేళ్ళ కింద ఇల్లు మారినప్పుడు అటక మీది పెట్టెల్లో రెండింటిని ఎవరో పాతపేపర్లవాడికి వేసేశారు. ఎవరన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. ఒక క్వార్టర్ స్కేల్ స్టాచ్యూ బెంగళూరు వెళ్ళాలి, దానికి లోపలి థర్మాకోల్ అచ్చూ లేదు, బయటి కార్టనూ లేదు. నేను థర్మాకోల్ షీట్లు కోసి, బబుల్ ర్యాప్ చుట్టి, ప్లైవుడ్ పెట్టె చేయించి పంపాను. మూడు కేజీల ప్యాకింగు, నాలుగు గంటల పని. అంగీ అంచు విరిగి చేరింది. కొరియర్‌వాళ్ళు ప్యాకింగ్ సరిగ్గా లేదన్నారు. కొన్నాయన మంచివాడు, అంటించుకుంటానని 6,000 వెనక్కి అడిగాడు. ఇచ్చేశాం. పైన చెప్పిన అంకెలు ఆ ఆరు వేలు పోగా ఉన్నవి.

నా తప్పు కూడా రాయాలి. ఇంకో స్టాచ్యూకి సెప్టెంబర్లో 48,000 బేరం వచ్చింది. దీపావళి బోనస్‌లు పడితే యాభై ఐదు వస్తుంది, ఆగమన్నాను. అక్టోబర్లో దాన్ని చేసిన కంపెనీయే అదే పాత్ర కొత్త వెర్షన్ ప్రకటించింది. 36,000కు అమ్మాం. లిమిటెడ్ అనే మాటను నమ్మొద్దని అతనికి చెప్పిన నేనే, ఎడిషన్ అయిపోయింది కదా, ఇక పడదులే అనుకున్నాను. ఆ స్టాచ్యూ మీద కమిషన్ తీసుకోలేదు.

ఏడింటిని ఎలా అట్టిపెట్టాడన్నది చెప్పాలి. మొదట ఏవి ఉంచాలో ఎక్సెల్‌లోనే నిర్ణయించాడు: రేటు పెరుగుతాయనుకున్నవి. నేను ల్యాప్‌టాప్ మూసేసి, ఒక పసుపు స్టిక్కర్ల కట్ట చేతికిచ్చి, అమ్మేస్తే రేపు పొద్దున అల్మారా వైపు చూడబుద్ధి కానివాటికి అంటించమన్నాను. ఏడింటికి అంటించాడు. షీటులో దాచాలనుకున్న వాటిలో రెండే ఇందులో ఉన్నాయి. మూడు స్టాచ్యూలు, మూడు ఫిగర్లు, ఒక అనిమే బొమ్మ. ఆ మూడు ఫిగర్లలో ఒకటి కళ్ళల్లో ఒక్క లైటే వెలిగేది. మొదటి జీతంతో కొన్నదట, ఆ మాట అంతవరకూ చెప్పలేదు. అమ్మితే దానికి ఐదారు వేలు కూడా వచ్చేది కాదు. ఏడింటికీ కలిపి అతను పెట్టింది 2,60,000. వాటికి విలువ కట్టమని అడిగాడు, కట్టనన్నాను.

చివరి లెక్క: 7,64,000లో నా కమిషన్ ఎనిమిది శాతం చొప్పున, ఆ ఒక్క స్టాచ్యూ మినహాయించి, 58,240. ప్యాకింగ్, రవాణా, మెట్లు దింపిన కూలీ కలిపి 23,500. అతని చేతికి 6,82,260. అడ్వాన్స్‌కి ఇంకా కావలసింది వాళ్ళ నాన్నగారు ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఇచ్చారు, ఫిగర్ల గురించి ఒక్క మాట అనకుండా. అనకపోవడమే ఎక్కువ బాధేసిందన్నాడు అతను.

డబ్బులు సర్దిన రోజు మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచాడు. షీటులో ఏడు వరసలే మిగిలాయి. ఆకుపచ్చ కాలమ్ తీసేశాడు. ఆ స్థలంలో కొత్త కాలమ్ ఉంది: ‘కార్టన్ ఎక్కడుంది’. ఏడింటిలో ఆరింటికి ‘అటక, ఎడమ’ అని ఉంది. ఏడోదానికి ప్రశ్నార్థకం పెట్టి, పక్కనే ‘అమ్మను అడగాలి’ అని రాసుకున్నాడు.